గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జీలకూ విశ్రాంతి కావాలి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో 18 ఏళ్లుగా షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. జూన్ వచ్చిందంటే ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరిన తోతాపురి ట్రాక్టర్ల ఫొటోలు పేపర్లో పడతాయి. రైతుల కష్టం రాయాల్సిందే. గేటు లోపల మా టెన్షన్ ఎవరి మీద పడుతుందో కూడా నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీజన్ మహా అయితే రెండు నెలలు. పండిన కాయ మన కోసం ఆగదు. బయట రైతు తన బండి ఎప్పుడు దించుతారని అడుగుతాడు, ఫోన్‌లో యజమాని ఈ పూట ఎన్ని డ్రమ్ములు నింపారని అడుగుతాడు, అంతలో కరెంటు పోతుంది. రాత్రి రావాల్సిన ఇన్‌ఛార్జి రాకపోతే పొద్దున డ్యూటీ ఎక్కినవాడే కొనసాగాలి. రెండేళ్ల కిందట ఒకసారి అలా వరసగా 20 గంటలు ఉన్నాను. ఆ రాత్రి ఫిల్లింగ్ దగ్గర పనిచేసే పిల్లాడు లేబుల్ తప్పు అంటించాడని అందరి ముందు నోటికొచ్చినట్టు తిట్టాను.

పది రోజులకు గోడౌన్‌లో 9 డ్రమ్ముల్లో గుజ్జు నింపిన బ్యాగులు ఉబ్బాయి. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు. మూత దగ్గర గాలి చొరబడి మొత్తం పులిసిపోయింది. ఆ పిల్లాణ్ణి పిలిచి అడిగితే తల వంచుకుని, "మూత సరిగా పడలేదని ఆ పొద్దే చూసినానన్నా. మీరు అరస్తా ఉండారు. మళ్లీ తిడతారని చెప్పలేదు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. కాయలు ఏరే బెల్టు దగ్గర పదేళ్లుగా ఉన్న ఒక అక్కను అడిగాను, నేనొస్తే మీకెట్లా ఉంటుందని. "నువ్వు తలుపు తీసే తీరులోనే తెలిసిపోతాది నాయనా. భయానికి చేతులు గబగబా ఆడిస్తాం. కుళ్లుకాయ జారిపోయేది అప్పుడే" అంది. కేకలేస్తేనే లైన్ నడుస్తుందని ఇన్నేళ్లూ నమ్మినవాణ్ణి నేను.

ఇప్పుడు ఫోన్ పెట్టేసి నేరుగా లైన్ దగ్గరికి పోను. కాయలు కడిగే తొట్టి పక్కన కొళాయి ఉంది. అక్కడ మొహం కడుక్కుని, నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి, ఎనిమిది లెక్కపెట్టేదాకా మెల్లగా వదులుతాను. అట్లా పది సార్లు. వదిలే ఊపిరి నిదానమైతే గుండె దడ తగ్గుతుంది. దీనికి పట్టేది రెండు నిమిషాలే. మిషన్ ఆపాల్సి వస్తే వెంటనే ఆపిస్తాను కానీ, మనిషితో మాట్లాడాల్సింది జేబులో పుస్తకంలో రాసుకుని టీ టైంలో పక్కకు పిలిచి చెబుతాను. బుర్ర వేడెక్కి ఉంటే ఆ సంగతి కూడా చెప్పేసి, కాసేపాగి మాట్లాడుకుందాం అంటాను. మొన్నటి సీజన్‌లో అదే పిల్లాడు తనంతట తానే వచ్చి "అన్నా, మూత తేడాగా ఉండాది, చూడండి" అన్నాడు. రెండు బ్యాగులు పక్కన పెట్టించాం, అంతే.

కానీ 16వ గంటలో ఈ కొళాయి నీళ్లు పనిచేయవు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు వారానికి 48 గంటలని హద్దు పెట్టింది గానీ, సూపర్‌వైజర్లను ఆ లెక్క నుంచి తప్పించే వీలు కూడా అందులోనే, 64వ సెక్షన్‌లో ఇచ్చింది. మాకు డ్యూటీ ఎక్కే టైం ఉంటుంది, దిగే టైం ఉండదు.

అందుకే యజమానులను కోరుతున్నాను. ప్రతి ఫ్యాక్టరీలో సీజన్‌కు ఒక ఇన్‌ఛార్జిని అదనంగా పెట్టండి. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వండి. షిఫ్టు మారే అరగంటా మాకు ఫోన్లు చేయకండి. ప్రభుత్వం మానసిక ఆరోగ్యం కోసం నడిపే టెలి మానస్ నంబరు 14416ను హాజరు పుస్తకం దగ్గర గోడ మీద రాయించండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. బెల్టు దగ్గర అక్కలకు ఆ నంబరు చదివి వినిపించే పని నేను చేస్తాను.

మా ఫ్యాక్టరీలో సీజన్ కోసం బాయిలర్ పనులు ఈ వారమే మొదలుపెట్టారు. ఇన్‌ఛార్జీల డ్యూటీ చార్టు కూడా ఇప్పుడే వేయమని అడుగుతున్నాను.

— ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి, చిత్తూరు