రెండుసార్లు క్లీనింగ్ డబ్బులు కట్టినవాళ్ళు ఒకసారి రండి

మా దగ్గర కార్బురేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బళ్ళు సర్వీస్ చేయించుకునేవాళ్ళకి ఇది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోయించడం మొదలయ్యాక పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ అవ్వట్లేదు, యాక్సిలరేటర్ ఇస్తే ఓ క్షణం తటపటాయించి అప్పుడు లాగుతోంది అని చాలామంది తెచ్చారు, నేనేమో కార్బురేటర్‌లో చెత్త ఉందని క్లీన్ చేసి ఇచ్చేశా, వారానికే మళ్ళీ అదే బండి అదే కంప్లైంట్, కొందరి దగ్గర రెండోసారి కూడా డబ్బులు తీసుకున్నా. అది నా తప్పే.

అసలు సంగతేంటంటే కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిస్తే కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే అదే జెట్‌లోంచి అంతే పెట్రోల్ వస్తుంది గానీ దానికి గాలి ఎక్కువైపోతుంది. ఎఫ్ఐ బండిలో (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేది) అయితే సైలెన్సర్ పైపు దగ్గర ఆక్సిజన్ సెన్సర్ కనిపెట్టి చాలావరకు సర్దేస్తుంది, కార్బురేటర్‌కి అంత తెలివెక్కడిది, ఇత్తడి జెట్‌కి బెజ్జం ఎంతుంటే అంతే. స్లో జెట్ (బండి నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చేది) ఒక సైజు పెద్దది వేసి, గాలీ పెట్రోలూ పాళ్ళు సర్దే మిక్చర్ స్క్రూ తిప్పితే ఎక్కువ బళ్ళు దారికొచ్చాయి.

మైలేజీ మాత్రం నా చేతిలో లేదండి. లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే, 20 శాతం కలిస్తే లీటరుకి 6, 7 శాతం పోయినట్టే. 50 ఇచ్చే బండి 47కి వస్తే కంగారుపడకండి, 40కి పడిపోతే అది వేరే రోగం, తీసుకురండి. ఇథనాల్‌కి ఆక్టేన్ (నొక్కినా ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కదా పికప్ పెరగాలిగా అని అడుగుతున్నారు, కంప్రెషన్, అంటే లోపల గాలీ పెట్రోలూ నొక్కే ఒత్తిడి, దానికి తగ్గట్టు పెట్టిన ఇంజన్‌కైతే పనికొస్తుంది, మన పాత చిన్న ఇంజన్లకి ఒరిగేదేం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. కొన్ని బళ్ళకి మామూలు రబ్బరు పెట్రోల్ పైపు వేశా, ఇథనాల్‌కి అది ఉబ్బి మెత్తబడుతోంది, రెండు బళ్ళకి క్లిప్ దగ్గర చెమ్మ కనిపించింది. పెట్రోల్ వాసన వస్తుంటే ఆగకుండా వచ్చేయండి, ఇథనాల్ తట్టుకునే పైపు ఊరికే మారుస్తా. నెలల తరబడి బండి తీయనివాళ్ళు ట్యాంక్‌లో పాత పెట్రోల్ ఉంచకండి, ఇథనాల్ నీళ్ళు పీల్చుకుంటుంది, ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి, అప్పుడు ఇంజన్‌కి ముందు వెళ్ళేది అదే.

రెండుసార్లు కట్టినవాళ్ళకి జెట్ ఖరీదు ఒక్కటే, లేబర్ వద్దు. అన్ని సైజులూ నా దగ్గర లేవు, వచ్చేముందు ఫోన్ చేసి బండి మోడల్ చెప్పండి, తెప్పించి ఉంచుతా.