దెబ్బ తిన్నవాడిదే ఖర్చు

సంపాదకులకు నమస్కారం.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ న్యాయం అనగానే ఉరికంబాలను తలచుకుంటాం గానీ, లండన్‌లోని వాపింగ్ రేవులో బొగ్గు దింపే కూలీని ఎవరైనా చితకబాదితే ఏమయ్యేదో అడగం. కేసు నడిపే ప్రభుత్వ న్యాయవాది లేని ఆ కాలంలో అతడే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి, రుసుము చెల్లించి వారంటు తీసుకుని, పని మానుకుని సాక్షులతో కోర్టు చుట్టూ తిరగాలి. నేరం రుజువైతే పేద ఫిర్యాదికి ఖర్చులిప్పించే వీలును 1752 చట్టం కల్పించింది. అదీ ఘోర నేరాలకే, మామూలు దాడికి కాదు. అందుకే చాలామంది ఎంతో కొంత పరిహారం పుచ్చుకుని రాజీపడేవారు. అలా రాజీపడితే, కొట్టినవాడికి కోర్టు విధించే జరిమానా తరచు ఒక్క షిల్లింగే. దీన్ని సామరస్యమని మెచ్చుకునేవారితో నేను ఏకీభవించలేను. గత్యంతరం లేక ఒప్పుకున్న రోజుకూలీ దాన్ని ఆ పేరుతో పిలిచి ఉండడు.

— ఒక పాఠకుడు