డాబాకి ముందు వాటం, తర్వాతే అందం

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఇంటి ఆరుబయట జాగాని ఎవరికి వాళ్లే ఎలా తీర్చిదిద్దుకోవచ్చో రెండు పేజీలు వేశారు. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ ఆ తెల్ల గుడ్డ సోఫాలు, గాజు బల్ల, చెక్క పలకల నేల, మధ్యలో చలి కాచుకోవడానికి ఒక నిప్పుల కుండ, ఇవన్నీ తెచ్చి ఖమ్మంలో మే నెలలో డాబా మీద పెడితే ఏమవుతాయో రాసినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా అని అనుమానం వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు కదా. అయినా మనకి వేరే నిప్పుల కుండ ఎందుకండీ, స్లాబు ఉందిగా.

మన ఊళ్లలో మామూలు సంసారికి ఆరుబయట అంటే ఏముంటుంది, మేడ మీద డాబా, గేటుకీ గుమ్మానికీ మధ్య సిమెంటు చేసేసిన నాలుగు గజాల వాకిలి, అపార్టుమెంటు అయితే బట్టలు ఆరేసుకునే బాల్కనీ. వీటిని బాగు చేసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, చాలా పనులు ఇంట్లోవాళ్లే సెలవు రోజుల్లో చేసుకోవచ్చు. అయితే ఒక వరస ఉంది. ముందు నీళ్ల సంగతి చూడాలి, తర్వాత ఎండ సంగతి, ఆ తర్వాతే కూర్చోవడాలూ మొక్కలూ. మీ వ్యాసం చివరి మెట్టు దగ్గర మొదలైంది, అదే నా పేచీ.

వాన వెలిసిన అరగంటకి పైకెళ్లి చూడండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. వానాకాలం కాకపోతే నాలుగు బకెట్లు గుమ్మరించినా తెలిసిపోతుంది. వాటం, అంటే నీళ్లు తూము వైపుకి పారే వాలు, సరిగా లేని చోటే స్లాబు చెమ్మ పట్టి, కింద గదిలో సున్నం పెచ్చులూడేది. ఆ పల్లం చిన్నదైతే మేస్త్రీని పిలవక్కర్లేదు, ఉలితో గరుకు చేసి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, వాటర్‌ప్రూఫ్ ద్రావకం కలిపిన సన్నటి మాలు నింపి తాపీతో తూము వైపుకి లాగితే చాలు. ఓ వారం తడుపుతూ ఉండాలి. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో సన్న చీలికలుంటాయి, నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే, వాటినీ అప్పుడే పూడ్చేయాలి. తూము మూతికి జాలీ బిగించడం పది నిమిషాల పని, అది చేయకే ఏటా మొదటి వానకి ఆకులడ్డం పడి డాబా చెరువైపోతుంది.

ఇంకొకటి, మన దగ్గర ప్రతి రెండో ఇంటి మీదా కనిపించేది, పై అంతస్తు ఎప్పుడో వేద్దామని వదిలేసిన పిల్లర్ల చువ్వలు. ఆ అంతస్తు పిల్లాడికి ఉద్యోగం వచ్చేదాకా, పిల్ల పెళ్లయ్యేదాకా అలా వాయిదా పడుతూనే ఉంటుంది, చువ్వలు మాత్రం తుప్పు పడుతూ ఉంటాయి, ఆ తుప్పు మెల్లగా కింది పిల్లర్లోకీ దిగుతుంది. తీగ బ్రష్షుతో తుప్పు గీకేసి, చిక్కటి సిమెంటు పాలు రెండు పూతలు పూసి, పైన పాత పైపు ముక్కలు గాని ప్లాస్టిక్ సీసాలు గాని తొడిగితే అవి నిలబడతాయి. చివర్లు గుచ్చుకోవు కూడా. ఎలాగూ అవి అక్కడే ఉంటాయి కాబట్టి పందిరికి ఆధారంగా వాడుకోవచ్చు, ఆ సంగతి కింద రాస్తాను.

ఇక ఎండ. అన్నిట్లోకీ చవకైనదీ, తేడా ఒంటికి వెంటనే తెలిసేదీ సున్నం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. రాతి సున్నం తెచ్చి ఇనప డ్రమ్ములోనో పాత సిమెంటు తొట్టిలోనో నానబెట్టాలి, ప్లాస్టిక్ బకెట్ వద్దు, సున్నం ఉడికే వేడికి మెత్తబడిపోతుంది. నీళ్లలో సున్నం కొంచెం కొంచెంగా వేసుకోవాలి గాని సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, కుతకుతా ఉడికి పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. కళ్లజోడు, చేతులకి రబ్బరు తొడుగులు ఉండాల్సిందే, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వద్దు. రెండ్రోజులు నానాక పాత పంచెతో వడకట్టి, పాలంత పల్చగా చేసుకుని, పెయింటు షాపులో దొరికే జిగురు కలుపుకోవాలి. గట్టిగా పట్టుకుంటుందని కొందరు ఉప్పు వేస్తారు. గోడలకైతే వాళ్లిష్టం, స్లాబుకి మాత్రం వద్దు, ఉప్పు లోపలికి దిగితే ఇనుముకి చేటు.

స్లాబుని నాచూ మట్టీ లేకుండా గీకి కడగాలి. ఎండ దిగాక, నేల మీద నీళ్లు చల్లి, ఆ తడి మీదే పల్చటి పూత వేయాలి. మొదటిది వేసినప్పుడు ఏమీ కనపడదు, నీళ్లలా ఉందే అని కంగారు పడి చిక్కగా కలిపేస్తారు, అలా చేస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. మర్నాడు పొద్దునకి తెల్లబడుతుంది, సాయంత్రం రెండోది వేయండి, తర్వాత రెండు మూడు రోజులు పొద్దునే నీళ్లు చిలకరించండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుని పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, అందుకు కాస్త తడి కావాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే తడి ఆరిపోయి పొడి రాలుతుంది, ఇల్లంతా తెల్ల అడుగులే. ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్లూ బాగానే పనిచేస్తాయి, ఎక్కువ కాలం వస్తాయి, డబ్బుంటే అవే వేసుకోవచ్చు. సున్నం ఒకటి రెండు వేసవులకి మించి ఉండదు, వానలకి కొట్టుకుపోతుంది, చీలికల్ని ఆపదు కూడా. కానీ రేకుల ఇంటివాళ్లో చిన్న స్లాబు ఇంటివాళ్లో ఎవరినీ అడగకుండా చేసుకోగలిగిన పని ఇదొక్కటే.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 వరకు. ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాళ్లకి తప్పనిసరి, చిన్న ఇళ్లవాళ్లకి ఐచ్ఛికం. 600 గజాల ఇంటివాళ్లకి గదికో ఏసీ ఉంటుంది, ఉడికిపోయేది 60 గజాల ఇంటివాళ్లే. వీళ్లని బలవంతపెట్టమని కాదు గాని, వార్డుకో ఇంటి మీద మున్సిపాలిటీవాళ్లు సున్నం వేసి చూపిస్తే పక్కింటివాళ్లు చూసి నేర్చుకుంటారు కదా.

నీడ కోసం షేడ్‌నెట్. కొనేటప్పుడు ఎంత శాతం నీడ అని అడిగి తీసుకోండి, కూరగాయలకైతే 50 శాతం చాలు, మనం కూర్చునే చోటికి 75 తీసుకోవచ్చు. దాన్ని నిలబెట్టడానికి స్లాబుకి మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, పెట్టిన ప్రతి బెజ్జం రేపటి లీకేజీ. మావారు చేసిన పద్ధతి చెప్తాను. 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలు నాలుగు, ఒక్కోదాంట్లో జీఐ పైపు నిటారుగా నిలబెట్టి చుట్టూ కాంక్రీటు నింపేయడమే, ఒక్కోటి 45 కిలోల పైనే తూగుతుంది, కావాలంటే మళ్లీ పక్కకి జరుపుకోవచ్చు. అయినా ఆ బరువునే నమ్ముకోకూడదు, పైపుల తలల్ని తాళ్లతో నేను పైన చెప్పిన పిల్లర్ చువ్వల మొదళ్లకి కట్టాలి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమ్ము లేచిందంటే రేకులే ఎగిరిపోతాయి, నెట్ ఒక లెక్కా. అందుకని నెట్‌ని తీగతో బిగించకుండా లాగితే ఊడే ముడితో కట్టుకోండి, మబ్బు పట్టగానే రెండు మూలలు విప్పి చుట్టేయొచ్చు. నీళ్ల ట్యాంకు పైపులకి కట్టేవాళ్లని చూశాను, గాలికి పైపు విరిగితే ట్యాంకు నీళ్లన్నీ డాబా పాలు.

కూర్చోవడానికి సోఫా అక్కర్లేదు. సిమెంటు ఇటుకలు మూడు దొంతర్లు పేర్చి మీద కడప బండో తాండూరు బండో వేస్తే అరుగు తయారు. మూడు దొంతర్లని ఎందుకన్నానంటే, అయిదడుగుల బండకి మధ్యలో కూడా ఆధారం ఉండాలి, లేకపోతే ఇద్దరు కూర్చున్నప్పుడు టప్పున విరుగుతుంది. అంగుళం మందం, రెండడుగుల వెడల్పు బండ 60 కిలోలు ఉంటుంది, ఒక్కరే ఎత్తే సాహసం చేయకండి. కడప బండ నలుపు కాబట్టి నెట్ కిందే వేసుకోవాలి, ఎండలో ఉంటే సాయంత్రం ఏడింటికి కూడా కూర్చోలేరు. ఇంట్లో నవారు తెగిన ఇనప మంచం మూల పడి ఉంటే ఇంకా మంచిది, ప్లాస్టిక్ నవారు కొనుక్కొచ్చి అల్లుకోండి, గాలి ఆడుతుంది, వానకి పాడవదు, వెన్నెల రాత్రి పడుకోవడానికి దాన్ని మించింది లేదు.

మొక్కల గురించి మీ వ్యాసంలో అందం చెప్పారు గాని బరువు చెప్పలేదు. మనుషులు తిరిగే డాబాకి కట్టుబడి లెక్కల్లో మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల భారం అనుకుని డిజైన్ చేస్తారు. అదే చదరపు మీటరులో అడుగు మందం తడి మట్టి పోస్తే 450 కిలోలు దాటుతుంది. పిట్టగోడ వెంట ఇటుకలు పేర్చి మడులు కట్టి మట్టి నింపేస్తున్నవాళ్లు ఇది ఒక్కసారి ఆలోచించాలి, ఇల్లు పాతదైతే మరీను. డబ్బాల్లో, గ్రోబ్యాగుల్లో పెంచుకోండి, ఎర్రమట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు ఎక్కువ కలుపుకోండి, ఓ గుప్పెడు వేప పిండి వేయండి, పెద్ద తొట్లు ఏవైనా ఉంటే గోడలూ దూలాలూ ఉన్న చోటి మీదే పెట్టండి. డబ్బా అడుగున కాల్చిన చువ్వతో నాలుగైదు బెజ్జాలు పెట్టి, కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు పోతాయి, స్లాబు ఆరుతుంది. ఇటుకలు లేకుండా నేల మీదే పెట్టేస్తే ప్రతి డబ్బా కింద గుండ్రటి నాచు మచ్చ, దాని కింద చెమ్మ.

మొదట్లోనే గులాబీలకి పోకండి. తోటకూర విత్తితే నెలలోపే కూర వండుకోవచ్చు, గోంగూర, మెంతి, పాలకూర కూడా తేలిక. జూన్‌లో బీర, కాకర, దొండ పెట్టి చువ్వల మధ్య తీగ లాగితే దసరాకల్లా పందిరి నిండుతుంది, నెట్ కూడా తీసేయొచ్చు. మరి కోతుల సంగతేంటి అంటారా, ఖమ్మంలో ఉండి కోతుల మాట ఎత్తకుండా మొక్కల గురించి రాస్తే నవ్వుతారు. టమాటా, జామ, దానిమ్మ ఏదీ మిగలనివ్వవు, పచ్చిమిర్చి, కాకర జోలికి మాత్రం పెద్దగా రావట్లేదు, మా వీధిలో అందరి అనుభవమూ అదే. ట్యాంకు మూత కూడా తీసి పారేస్తాయి, దాన్ని గట్టి తాడుతో కట్టి ఉంచండి, లేకపోతే దోమలు.

దోమలంటే గుర్తొచ్చింది. మీ వ్యాసంలో పాత టైర్లకి రంగులేసి కుండీలు చేయమన్నారు. దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. టైరు లోపలి అంచులో నిలిచిన నీళ్లు వంచినా పోవు, డెంగీ దోమకి అంతకంటే సుఖమైన ఇల్లు లేదు, గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్లన్నీ పారబోయాలి అని ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి చెప్తుంటే మనం టైర్లకి పసుపురంగు వేసుకుని వరసగా పేర్చుకోవడం ఏమిటి.

వాకిలి గురించి రెండే మాటలు. ఈమధ్య అందరూ ఇంటర్‌లాకింగ్ టైల్సు పరిచేస్తున్నారు, కింద కాంక్రీటు వేసి మరీ. ఇసుక మీదే పరచండి, సందుల్లోంచి నీళ్లు ఇంకుతాయి, ఒకటి పగిలితే మనమే తీసి మార్చుకోవచ్చు. ప్రహరీ వెంట అడుగున్నర వెడల్పున మట్టి వదిలితే ఓ కరివేపాకు, ఓ నందివర్ధనం బతుకుతాయి. డాబా నీళ్లని పైపుతో ఇంకుడు గుంతకి దింపుకుంటే ఇంకా మేలు, 100 గజాల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 800 లీటర్లకి పైగా నీళ్లు, అవన్నీ ఇప్పుడు రోడ్డు మీదకి పోతున్నాయి. గుంత పునాదికి దూరంగా తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేయాలి, ఏటా వానలకి ముందు ఆ పై ఇసుక తీసి కడిగి వేయాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు, అందుకే నీళ్లు, నేల, చెట్ల రక్షణకి వాల్టా చట్టం వచ్చిన 2002 నుంచి తవ్విన గుంతల్లో చాలావాటి మీద ఇప్పుడు బైకులు పెట్టుకుంటున్నారు.

అద్దె ఇళ్లవాళ్లకి ఇవన్నీ కుదరవు, ఓనరు డాబాకి తాళం వేసుకునే ఇళ్లూ చాలా ఉన్నాయి. వాళ్ల బాల్కనీలకి సరిపోయే పనులు ఎవరైనా పాఠకులు రాస్తే బాగుంటుంది.

సంపాదకులకి నా మనవి ఒకటే. ఇలాంటి వ్యాసాలు మళ్లీ వేసేటప్పుడు ఫలానా సామాను ఎక్కడ దొరుకుతుంది, ధర ఎంత, ఏ పని మనం చేసుకోవచ్చు, దేనికి మేస్త్రీ తప్పదు అన్నవి ఊరి మేస్త్రీలనే అడిగి రాయించండి. అదీ మాఘమాసంలో, శివరాత్రికి ముందే వేయండి. వేసవి పేజీలని ఏప్రిల్ చివర్లో వేస్తే ఉపయోగం లేదు, అప్పటికి సున్నం పూత నిలవదు, డాబా కడగడానికి నీళ్లుండవు, పెళ్లిళ్ల సీజనులో మేస్త్రీలూ దొరకరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం