ఏడో పేజీలో పెన్సిలు గీత

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఒప్పందం కాగితాలు రెండుసార్లు చదివాను. నీ నవలను సినిమాగా తీస్తారన్న సంగతి మీ అమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. నా మనసు మాత్రం ఏడో పేజీ దాటలేదు. ‘నికర లాభంలో 3 శాతం’ అని ఉంది చూడు, దాని కింద పెన్సిలుతో గీత పెట్టాను.

అమెరికాలో విన్‌స్టన్ గ్రూమ్‌కు కూడా సరిగ్గా ఈ మూడు శాతమే రాసిచ్చారు. ఆయన 1986 నాటి నవల ‘ఫారెస్ట్ గంప్’ను పారమౌంట్ వాళ్లు 1994లో సినిమాగా విడుదల చేశారు. ప్రపంచమంతటా 60 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది, ఆరు ఆస్కార్లు వచ్చాయి. తీరా స్టూడియో లెక్క చూపిస్తే 6 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం! పంపిణీ రుసుము, ప్రచారం, వడ్డీ, ఆఫీసు ఖర్చులు అన్నీ పోగా రచయితకు మిగిలింది సున్నా. హీరో, దర్శకుడు తెలివైనవాళ్లు, మొత్తం వసూళ్లలోనే వాటా రాయించుకున్నారు. గ్రూమ్ లాయరును పెట్టుకున్నాక గానీ సర్దుబాటు కుదరలేదు. ఆయన తరువాతి నవల మొదట్లోనే కథానాయకుడు, మీ జీవితాన్ని ఎవరినీ సినిమా తీయనివ్వకండి అంటాడు. కడుపుమంట అలా తీర్చుకున్నాడు పాపం.

ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. రైసు మిల్లులో పద్దులు రాసినవాణ్ణి కదా. యజమానికి ఒక వాటాదారు ఉండేవాడు, పొరుగూరి రైతు. ఏడాది చివర గోనె సంచులు, హమాలీ, తరుగు అన్నీ రాశాక జీపు డీజిలు, యజమాని ఇంటి పెళ్లి భోజనాలు సైతం సాదిల్వారు ఖర్చుల్లోకి వచ్చి చేరేవి. రాసిన చెయ్యి నాదే. ఆ రైతు ఉగాది వెళ్లాక వచ్చి, పద్దు మీద వేలు పెట్టి ఒక్కో వరుసా దించుకుంటూ, “ఈ ఏడు కూడా ఏమీ మిగల్లేదా బాబూ?” అనేవాడు. నేను కళ్లజోడు తుడుచుకునేవాణ్ణి. ఈ మాట మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అందుకని శాతం సంగతి వదిలెయ్యి. సంతకం రోజునే చేతికి వచ్చే మొత్తం ఎంతో అడుగు.

తొమ్మిదో పేజీలో, కథను ఎలా మార్చినా నీకు అభ్యంతరం లేదని ఉంది. అది కొట్టేయించు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన ‘ఆప్ కా బంటీ’ నవలను సినిమాలో వికృతం చేశారని కోర్టుకెళ్లారు. హక్కులు అమ్ముకున్నా రచయిత అభ్యంతరం చెప్పవచ్చని 1986లో ఢిల్లీ హైకోర్టు అంది. కాపీరైటు చట్టంలో 57వ సెక్షన్ అది. ఆ మాట లాయరుతో అను. నీ నవలలో నాయనమ్మ బావి దగ్గర ఒంటరిగా కూర్చునే ఘట్టం ఉంది కదా, అక్కడ పాట పెడతారేమోనని నా భయం.

ఆదివారం ఫోను చెయ్యి. గీతలు చెరపకుండా కాగితాలు తిరిగి పంపుతున్నాను. హీరోయిన్ ఎవరో కనుక్కోమని మీ అమ్మ పక్కనుంచి ఒకటే పోరు.

నాన్న