పట్టకంలో ఊదా ఎందుకు ఎక్కువ వంగుతుంది?

సంపాదకులకు,

‘ఊదా రంగుకు తరంగదైర్ఘ్యం తక్కువ, అందుకే పట్టకంలో ఎక్కువ వంగుతుంది.’ పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి. పత్రికల పిల్లల శీర్షికల్లోనూ ఇదే జవాబు అచ్చవుతోంది. జరిగేదేమిటో అది చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే గాజును చూడాలి.

గాజులోని ఎలక్ట్రాన్లు స్ప్రింగుకు తగిలించిన గుండ్లలా ఊగగలవు. వాటి సహజ పౌనఃపున్యం, అంటే తమంతట తాము సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయో ఆ లెక్క, అతినీలలోహిత ప్రాంతంలో (ఊదాకు ఆవల, కంటికి కనపడని కాంతిలో) ఉంటుంది. ఉయ్యాల తనంతట తాను ఊగే లయకు దగ్గరగా తోసేకొద్దీ అది పైకి లేస్తుంది కదా, ఇక్కడా అంతే. ఎరుపుకన్నా ఊదాయే ఆ పౌనఃపున్యానికి దగ్గర, కాబట్టి ఎలక్ట్రాన్లను ఎక్కువ ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు తామూ తరంగాలను వెదజల్లుతాయి. అవి వచ్చిన కాంతితో కలిసినప్పుడు మొత్తం తరంగం కాస్త వెనకబడుతుంది. ఊపు ఎంత పెద్దదైతే వెనకబాటు అంత, వంపూ అంత.

తరంగదైర్ఘ్యం అనకుండా పౌనఃపున్యం అని నొక్కి చెప్పడానికి కారణముంది. గాలిలో తరంగదైర్ఘ్యం 656 నానోమీటర్లున్న ఎర్రకాంతి, 1.514 వక్రీభవన గుణకమున్న (అంటే కాంతి వేగాన్ని అన్ని రెట్లు తగ్గించే) బీకే7 అనే రకం గాజులోకి వెళ్ళగానే 433 నానోమీటర్లకు కుదించుకుపోతుంది. గాలిలో ఆ పొడవు నీలి-ఊదాది. అయినా అది ఎరుపుగానే బయటికొస్తుంది, ఎందుకంటే పౌనఃపున్యం మారలేదు.

ఊదాయే ఎప్పుడూ ఎక్కువ వంగాలన్న నియమమూ లేదు. 1862లో లె రూ అనే శాస్త్రవేత్త అయోడిన్ ఆవిరిని పట్టకంగా వాడితే నీలంకన్నా ఎరుపు ఎక్కువ వంగింది. 1870లో క్రిస్టియాన్‌సెన్ అనే మరో శాస్త్రవేత్త ఫుక్సీన్ అనే అద్దకపు రంగు ద్రావణంలో చూసినప్పుడూ క్రమం తారుమారైంది. ఫుక్సీన్ ఎలక్ట్రాన్ల సహజ పౌనఃపున్యం ఆకుపచ్చ దగ్గర ఉంటుంది. ఊదా దాన్ని దాటి ఆవలి పక్కన పడుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు కాంతి తోపుకు ఎదురుగా ఊగుతాయి, కాబట్టి వెనకబాటు తగ్గి ఊదా తక్కువ వంగుతుంది. ఈ ఒక్క ఉదాహరణ పాఠంలో చేరిస్తే చాలు, పిల్లలకు అసలు విషయం దొరుకుతుంది.

ఇక ఎండతో చేసే ప్రయోగం. 60 డిగ్రీల బీకే7 పట్టకం కనిష్ఠ విచలనంలో, అంటే కాంతి అతి తక్కువగా మళ్ళే అమరికలో, 656 నానోమీటర్ల ఎరుపును 38.4 డిగ్రీలు, 405 నానోమీటర్ల ఊదాను 39.8 డిగ్రీలు మళ్ళిస్తుంది. తేడా 1.4 డిగ్రీలే; రెండు మీటర్ల అవతల గోడమీద ఐదు సెంటీమీటర్ల పట్టీ. చాలా తరగతి గదుల్లో రంగులు కలగాపులగమై కనిపించేది ఇక్కడే. సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి ప్రతి రంగూ గోడమీద దాదాపు రెండు సెంటీమీటర్లు పరుచుకుని పక్క రంగుమీద పడుతుంది. పట్టకానికి ముందు ఒక మిల్లీమీటరు వెడల్పున్న చీలికలు రెండు, మీటరు ఎడంతో, ఒకే వరసలో పెడితే ఒక్కో రంగు వెడల్పు ఐదు మిల్లీమీటర్లకు మించదు. వెలుగు తగ్గుతుంది కాబట్టి గది బాగా చీకటిగా ఉండాలి. ఎండను లోపలికి తిప్పే అద్దాన్ని రెండేసి నిమిషాలకోసారి సరిచేయాలి. ఆలోగా సూర్యుడు చీలికల వరస దాటిపోతాడు. అద్దంలోకి, కిరణంలోకి పిల్లలెవరూ తొంగిచూడకుండా ఒక పెద్దవారు పక్కనే నిలబడాలి.

పట్టకాన్ని మెల్లగా తిప్పండి. రంగుల పట్టీ ఒకవైపు జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగి వెనక్కి మళ్ళుతుంది. ఆగిన చోటే కనిష్ఠ విచలనం, కొలత అక్కడే తీసుకోవాలి. తెల్లని ఎల్ఈడీ టార్చి మాత్రం వద్దు. అందులో నీలం ఒకచోట గుట్టగా ఉంటుంది, నీలానికి ఆకుపచ్చకు మధ్య వెలుగు బాగా పలచబడుతుంది, ఊదా దాదాపు ఉండదు. ఆ లోటు పట్టకానిదేమోనని పిల్లలు పొరబడతారు.

– భౌతికశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు