‘స్వచ్ఛందంగా చెల్లించవలెను’ అంటే ఏమిటి?

సంపాదకులకు,

మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ నిబంధనలు తిరగరాసే పని ఈసారి నాకు అప్పగించారు. పాత కాగితంలో ‘చవితి చందా ప్రతి ఫ్లాటువారు స్వచ్ఛందంగా చెల్లించవలెను’ అని ఉంది. స్వచ్ఛందమైతే ‘వలెను’ ఎందుకు? ఆ ఒక్క మాట పట్టుకుని, ఇవ్వలేకపోయిన పెద్దావిడ పేరు లిఫ్టు పక్కన బోర్డు మీద బాకీల్లో రాశారు. మోకాళ్ల నొప్పులున్నా ఆవిడ నెలరోజులు మెట్ల మీదుగానే తిరిగారు. నాకు ఇంకా బాధే.

బలవంతం, అనుచిత ఒత్తిడి, మోసం వంటివి లేనప్పుడే అది స్వేచ్ఛా సమ్మతి అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఇలా మార్చాను: ‘ఇష్టమైనవారు ఇవ్వవచ్చు. ఇవ్వనివారి పేర్లు ప్రకటించరాదు.’ మెయింటెనెన్స్‌కు మాత్రం ‘చెల్లించాలి’ అనే ఉంచాను. మిగతా కాలనీ సంఘాలూ తమ పాత కాగితాలు ఒకసారి తీసి చూడాలని కోరుతున్నాను.

– ఒక ఫ్లాటు యజమాని, మల్కాజిగిరి, హైదరాబాద్