డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నీ దద్దుర్లకు డాక్టరమ్మ రాసిన సల్ఫాసలజీన్ గోలీల గురించి నిన్న ఫోన్‌లో "ఆ గోలీలు అప్పుడే మొదలుపెట్టకు" అని మాత్రమే అన్నాను. మందుల షాపులో గిరాకీ ఉండి ఎందుకో చెప్పలేకపోయాను. డాక్టరమ్మ తప్పు మందు రాసిందని నేను అనుకుంటున్నట్టు నీకు అనిపించింది. అది కాదు.

సల్ఫాసలజీన్ పేగుల మందే. పెద్దపేగులో పుండ్లు పడి రక్తం పోయే జబ్బుకు ఏళ్లుగా అమ్ముతున్నాను. నిజానికి 1930ల చివర స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే డాక్టరమ్మ దీన్ని కీళ్లవాతం కోసం తయారు చేయించింది. తర్వాత పేగులకు పనికొచ్చింది. దద్దుర్ల సంగతీ అంతే. మామూలు అలర్జీ గోలీలకు లొంగని దద్దుర్లున్న 19 మందికి అమెరికాలో ఈ మందు వాడిన వివరాలు 2006లో అచ్చయ్యాయి. 14 మందికి బాగా తగ్గాయి, ఒకరికి ఎక్కువయ్యాయి. 19 మంది అంటే చిన్న లెక్కే, పోల్చి చూడడానికి మందు వేసుకోని వాళ్లూ అందులో లేరు. అయినా ఆరు నెలలుగా నిద్ర లేకుండా గోక్కుంటున్నావు, డాక్టరమ్మ ఆలోచించే రాసి ఉంటుంది.

నా భయం వేరే. ఈ గోలీ పెద్దపేగులోకి పోయాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని రెండుగా విడగొడుతుంది. ఒకటి పేగు వాపు తగ్గించేది, రెండోది సల్ఫా రకం మందు. నీకు సల్ఫా పడదు. ఆ సంగతి నీకు తెలియదు.

నువ్వు రెండో తరగతిలో ఉన్నావు. సద్దుల బతుకమ్మకు ముందు రోజు చెవిపోటని ఏడుస్తుంటే షాపులోంచి సల్ఫా ఉన్న కో-ట్రైమాక్సజోల్ మందు సీసా నేనే తెచ్చి తాగించాను. డాక్టర్‌కు చూపించలేదు. పండుగ మర్నాడు ఒళ్లంతా దద్దుర్లు, పెదవి ఉబ్బింది. నాయనమ్మ గొంగడితో రుద్దితే ఇంకా ఎర్రబడ్డాయి. రాత్రి స్కూటర్ మీద నిన్ను దవాఖానకు తీసుకుపోయాం. ఇంజక్షన్ ఇచ్చాక తెల్లారేసరికి తగ్గాయి. సల్ఫా మందులు ఇక వాడొద్దని అక్కడి డాక్టర్ చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ ఎక్కడో పోయింది. నువ్వు హాస్టల్‌కు పోయినప్పుడు గానీ, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు గానీ నేను చెప్పలేదు. షాపుకొచ్చిన ప్రతి మనిషినీ "ఏ మందైనా పడదా" అని అడుగుతాను. సొంత బిడ్డకు చెప్పడం మరిచిపోయాను. నిన్నటి నుంచి అదే బాధ.

రేపు పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. ఈ పేజీ ఫొటో తీసి పంపినా సరే. వేరే దారులున్నాయి. చర్మం కింద ఇచ్చే ఒమాలిజుమాబ్ ఇంజక్షన్ ఉంది, ఖరీదు ఎక్కువే, పైసల గురించి నువ్వు రంది పెట్టుకోకు. ఈలోపు పెదవులో నాలుకో ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, ఎవరికోసమూ ఆగకుండా వెంటనే దవాఖానకు పో.

గోలీల స్ట్రిప్ అలాగే పక్కన పెట్టు. డాక్టరమ్మ ఏమందో సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు, షాపులో ఎంత మంది ఉన్నా ఎత్తుతాను.

నీ బాపు